మంచు కొలిచినవాడి పేరు

టప్, టప్‌మని చూరు మంచు కరిగి రాలుతున్న చప్పుడు. కిర్గిజ్ కొండల నడుమ, విశ్వవిద్యాలయపు వసారాలో, ఇంటర్వ్యూ గది బయట ఒక అత్తా కోడలూ పిలుపు కోసం కూర్చున్నారు.

"ఆఫీసు ఉద్యోగమే అడుగుతానత్తయ్యా. మంచు పరిశోధన నాకొద్దు."

"నిద్రలో కూడా మంచుకొండనే కలవరిస్తావు. ఇప్పుడు కుర్చీకి అతుక్కుపోతానంటావేమే?"

"కిందటేడు ఇంటర్వ్యూలో ఏమైందో మరిచిపోయారా? మంచు కొలవడం ఎవరు నేర్పారన్నారు. మా మామగారన్నాను. పేరడిగితే నోరు పెగల్లేదు. రాసిమ్మంటే ఖాళీ కాగితమే ఇచ్చేశాను."

"కోడలు మామ పేరెత్తకూడదని వాళ్లకి తెలీదా?"

"పైదేశం వాళ్లు. అబద్ధమాడుతున్నాననుకున్నారు."

"మొద్దువే నువ్వు!"

"మీరు మాత్రం ఎప్పుడైనా ఆ పేరు పలికారా?"

"నేనా? 'ఇదిగో, టోపీ మనిషీ' అనేదాన్ని. గడ్డం నిండా మంచుతో గుర్రం దిగేవాడు. పేరుతో పనేముంది!"

"నా కలలోకొస్తారు. కొలకర్ర నా చేతికిచ్చి తెల్లటి మంచులో కలిసిపోతారు. పిలుద్దామంటే పేరెత్తకూడదాయె."

అత్త చెయ్యి చాచి చూరు నీటిని అరచేతిలో పట్టింది.

"ఇంట్లో మనిద్దరమే మిగిలాం. మనమూ పలక్కపోతే ఆ కొండ మీద ఆయన నడిచాడని ఎవరికి తెలుస్తుందే? ముందు నేనంటాను. లోపలికెళ్లి నువ్వను. పరిశోధన ఉద్యోగమే అడుగు."

"వద్దత్తయ్యా, నలుగురూ వింటారు."

"విననీ."

ఆమె లేచి, తలగుడ్డ సర్దుకుని, వసారా అంతా వినబడేలా పలికింది:

"తురార్‌బెక్!"