ఉత్త నీళ్ల చుక్క

ల్యాబ్‌లో సీనియర్ నారింజరంగు లోహద్రావణంలో సిరంజితో డీఎన్ఏ చుక్క వేసింది. మెషిన్‌లో రంగు కొలత తగ్గింది. జూనియర్ పక్కనే నిలబడి చూస్తోంది.

“చూశావా? లోహం డీఎన్ఏని పట్టుకున్నట్టే. నాలుగేళ్లుగా నాకిదే పని.”

“అక్కా, డీఎన్ఏ కలపని ఉత్త ఉప్పునీళ్ల చుక్క ఎప్పుడైనా వేసి చూశారా?”

“లేదు. ఏం?”

“పొద్దున నేను వేశాను. సరిగ్గా ఇంతే తగ్గింది. లోహం దేన్నీ పట్టుకోవట్లేదక్కా. నీళ్లెక్కువై రంగు పలచబడుతోంది, అంతే.”

“ఓహో.”

“సోమవారమే కదా మీ పీహెచ్‌డీ వైవా?”

“ఊఁ. నాలుగేళ్లూ బూడిదలో పోసిన పన్నీరన్నమాట.”

“నేనెవరికీ చెప్పలేదక్కా.”

సీనియర్‌కి ఏడుపు కూడా రాలేదు. సిరంజి తుడిచి పక్కన పెట్టింది.

“నా ల్యాబ్ నోటుబుక్కు ఇలా ఇవ్వు.”

“చింపేస్తారా?”

“రాస్తాను. ఉత్త నీళ్లు, మొదటి కొలత.”