తొమ్మిదో గుంట దగ్గర రెండు గీతలు

నా పేరు లోరేన్ హకెట్. వయసు అరవై ఎనిమిది. గొర్రెలు పెంచుతాను. బిర్రాగల్ గోల్ఫ్ క్లబ్ కెప్టెన్‌ని. కూలంబ్రా క్లబ్ గోడ మీది షీల్డు తీసింది నేనే. తాగి చేసిన పని కాదు. ఇది రాసుకుంటున్న కానిస్టేబుల్ టూహీ ఆ క్లబ్ సభ్యుడే. అయినా నాకు అభ్యంతరం లేదు.

పోయిన శనివారం, జూన్ 14న, మా మైదానంలో రెండు క్లబ్బుల జంటల పోటీ జరిగింది. ఏటా జరిగేదే, గెలిచిన క్లబ్‌కు ఆ షీల్డు. స్నేహపూర్వక పోటీ అంటారు. నా జంట పెగ్ డ్రిస్కాల్, వయసు డెబ్బై ఆరు. జంటకు ఒకటే బంతి, వంతులవారీగా కొట్టాలి.

మా ఎండలకు గుంటల చుట్టూ గడ్డి బతకదు. నూనె కలిపిన ఇసుక పరుస్తాం. బంతిని గుంటలోకి నెట్టే ముందు ఇనుప బద్ద లాగి దారి చదును చేసుకోవచ్చు. ఒక్కసారే. రెండోసారి లాగితే ఆ గుంట ఓడినట్టే.

సాయంత్రం నాలుగూ పదికి ఆఖరిదైన తొమ్మిదో గుంట దగ్గర మేమూ కూలంబ్రా జంటా సమానంగా ఉన్నాం. వంతు పెగ్‌ది. కళ్లజోడు కోసం బండి దగ్గరికి వెళ్లింది. ఆమె భుజానికి ఆపరేషన్ అయినప్పటి నుంచి, సోమవారాలు మేమిద్దరం ఊరికే ఆడుకునేటప్పుడు బద్ద లాగేది నేనే. ఆ అలవాటు కొద్దీ లాగేశాను. అంతలో కాకి మా బిస్కెట్ల పొట్లం ఎత్తుకుపోతుంటే దాని వెంటపడ్డాను. తిరిగి చూసేసరికి పెగ్ వచ్చి, తనూ బద్ద లాగి, బంతిని గుంటలో వేసేసింది.

కూలంబ్రా కెప్టెన్ డెస్ ఓల్డ్‌ఫీల్డ్ ఇసుకలో రెండు గీతలు చూపించాడు. "రెండుసార్లు లాగావా పెగ్గూ? ఈ వయసులో దొంగాటలేంటి?" అన్నాడు. నలభై మంది విన్నారు.

అప్పుడే నేను నోరు విప్పాలి. విప్పలేదు. కెప్టెన్‌ని కదా, సిగ్గేసింది. పెగ్ ఇసుక వంక చూసి, "లాగానేమో డెస్. ఈమధ్య నాకేదీ గుర్తుండట్లేదు" అంది. బద్ద కింద పెట్టి ఇంటికి వెళ్లిపోయింది.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి వాళ్లింటికి వెళ్లి నిజం చెప్పాను. "నన్ను కాపాడ్డానికి అబద్ధాలాడకు లోరేన్. మా అమ్మకీ ఇట్లాగే మొదలైంది" అంది. పొయ్యి ఆర్పానా అని నా ముందే మూడుసార్లు లేచి చూసింది. కారు తాళాలు నా చేతిలో పెట్టింది. పెగ్‌కు మతిమరుపు లేదు. 1987 పోటీలో ఎవరు ఎన్ని దెబ్బలకు ముగించారో ఇప్పటికీ చెబుతుంది. మతిమరుపు లేదు, రాసుకోండి.

సోమవారం డెస్‌కు ఫోన్ చేసి నిజం చెప్పి, వచ్చి పెగ్‌తో మాట్లాడమన్నాను. "అయిన పెళ్లికి మేళమెందుకమ్మా? స్నేహపూర్వక పోటీయేగా" అన్నాడు.

మంగళవారం ఉదయం పదీ ఇరవైకి కూలంబ్రా క్లబ్‌కు వెళ్లి, కుర్చీ ఎక్కి షీల్డు దించాను. డెస్ టీ తాగుతూ అక్కడే ఉన్నాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు.

"దొంగతనం. పోలీసులకు ఫోన్ చెయ్" అన్నాను.

చేశాడు. అందుకు అతనికి కృతజ్ఞతలు.

"ఇంత చిన్నదానికి కేసెందుకు ఆంటీ, డెస్‌కు ఒక్క సారీ చెప్పెయ్యండి, వదిలేస్తాడు" అంటున్నాడు కానిస్టేబుల్. చెప్పను. సారీ చెప్పాల్సింది పెగ్‌కు. కేసు వదలొద్దు. పెగ్ ముప్పై ఏళ్లు కోర్టులో గుమాస్తాగా చేసింది. నా నోటిమాట నమ్మదు గానీ, సంతకం పెట్టిన వాంగ్మూలం నమ్ముతుంది. అబద్ధపు వాంగ్మూలమిస్తే ఏమవుతుందో ఈ జిల్లాలో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అందుకే తీశాను.

షీల్డు బయట నా కారు డిక్కీలో ఉంది. తాళం వెయ్యలేదు. తీసుకోండి. నాకు కావలసింది ఈ కాగితం నకలు, స్టేషను ముద్రతో.

చదివి వినిపించారు, విన్నాను. మొదటి గీత నాది. ఇందులో ఒక్క ముక్క కూడా పెగ్ డ్రిస్కాల్‌ను కాపాడటానికి కల్పించింది కాదు.

(సంతకం) లోరేన్ హకెట్