లోపలున్న మ్యాపు

ఆదివారం పొద్దున. ఇంటి పక్క రేకుల షెడ్డులో, ఏడాది తర్వాత బాగై వచ్చిన కారు. బానెట్ ఎత్తి, చెయ్యి పెట్టకుండా లోపలికి చూస్తున్నవాడు మరిది. రెండు కాఫీ గ్లాసులతో వచ్చి నిలబడింది వదిన.

"అయితే మూడు దారులున్నాయంటావు."

"మూడే వదినా. గుద్దుకున్నప్పుడు ఇంజనులోకి గాలి నెట్టే పాత టర్బో పోయింది, కొత్తది వేశారు. ఎంత గాలికి ఎంత పెట్రోలు పొయ్యాలో ఇంజనుకి చెప్పే మ్యాపు మాత్రం పాతదే ఉంది. అందుకే ఎత్తు ఎక్కేటప్పుడు గుటకలు మింగుతోంది. దాన్ని మార్చాలి."

"ఒకటోది చెప్పు."

"నేనే చేసేస్తా. లాప్‌టాప్ తెచ్చాను. వైరు తగిలిస్తే ఐదు నిమిషాలు. ఉన్నదాని మీదే కొత్తది ఎక్కించేస్తే సరి."

"ఉన్నది చూడకుండానే?"

"చూడ్డానికేముంది."

"అడిగానంతే. రెండోది?"

"దూరం నుంచి చేసేవాడొకడున్నాడు. మనం రోడ్డు మీద నడిపి లెక్కలు పంపిస్తే, అక్కడ కూర్చునే మ్యాపు మార్చి పంపుతాడు. ఎవరి ముఖమూ చూడక్కర్లేదు."

"నాడి పట్టకుండా మందు రాసే వైద్యుడన్నమాట."

"మంచివాడే. చాలామంది అతని దగ్గరే..."

"మూడోది చెప్పవేం?"

"మూడోది డైనో. రోలర్ల మీదికి కారెక్కించి, ఉన్నచోటే పరిగెత్తిస్తూ చూస్తారు. దానికి ఊరవతలికి పోవాలి. వద్దులే."

"మీ అన్న ఎప్పుడూ ఆ డైనో మేస్త్రీ దగ్గరికేగా పోయేవాడు. సొంత వైద్యం మానుకోరా అని నిన్ను తిట్టేవాడు కూడా."

"ఆయనిప్పుడు సరిగ్గా చూడ్డం లేదట."

"ఎవరన్నారు?"

"ఎవరో అన్నారు."

"ఎవరో అంటే?"

"ఎవరో. కాఫీ చల్లారిపోతోంది వదినా."

"నీదే చల్లారుతోంది, నాది తాగేశా. లోపల కూర్చుని తాగు. సీటు ఖాళీయేగా."

"నిలబడే తాగుతాలే."

"కారొచ్చి మూడు వారాలైంది. వచ్చినప్పుడల్లా గుడి చుట్టూ తిరిగినట్టు దీని చుట్టూ తిరుగుతావు. ఒక్కసారీ స్టీరింగు ముందు కూర్చోలేదు."

"సీటు మరీ వెనక్కుంది."

"మీ అన్న పెట్టుకున్నంత దూరంలోనే ఉంది. నేను జరపలేదు."

"మరి నీ కాళ్ళు అందొద్దూ?"

"వీపు వెనక దిండు పెట్టుకుంటున్నా."

మరిది గ్లాసు కారు అంచున పెట్టబోయి, మళ్ళీ చేతిలోకే తీసుకున్నాడు.

"పాప ఎక్కుతోందా?"

"ఎక్కదు. టర్బో ఈల వినపడితే మాత్రం గేటు దగ్గరికి పరిగెత్తుకొస్తుంది. నేను దిగాక కూడా తలుపు వంకే చూస్తుంది, ఇంకొకరు దిగాలన్నట్టు. నిన్న అంది, ‘నాన్నయితే ఈపాటికి వచ్చేసేవాడు’ అని."

"ఆ ఈల తగ్గించొచ్చు. నేను..."

"తగ్గించమన్నానా? టైర్లు చూశావా, నాలుగూ కొత్తవి."

"చూశా. బండి ఇంకా పెద్దగా తిరగనే లేదు, అప్పుడే టైర్లెందుకు?"

"ఉండనీ. బుధవారం డైనోకి తీసుకెళ్తున్నా. మేస్త్రీ రమ్మన్నాడు."

"వద్దు వదినా."

"ఎందుకు?"

"ఆయన ముందు లోపలున్న మ్యాపు బయటికి తీసి చదువుతాడు."

"చదవనీ. ఎప్పుడూ అంతేగా. ఉన్నది చదవందే కొత్తది రాయడు ఆయన."

"అదే వద్దంటున్నా."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేంట్రా. నేనేమీ అనలేదే."

"అనలేదు. ఏడాదిగా ఏమీ అనలేదు. అందుకే..."

"అందుకే?"

"ఏం లేదు. గ్లాసు పట్టుకో."

"గ్లాసు తర్వాత. చెప్పు చిన్నా."

"గుద్దుకోడానికి ముందురోజు, శనివారం... అన్న భోంచేసి పడుకున్నాడు. కారు తాళం మేకుకే ఉంది. నేను రాసిన మ్యాపు ఒకటి ఉంది వదినా, బలం బాగా పెరుగుతుందని. చెప్పకుండా ఎక్కించా. నడిపొచ్చాక ‘ఏంట్రా, బండిలా ఎగురుతోంది’ అంటాడు, అప్పుడు చెబుదాం అనుకున్నా. అంతే. ఒక్కసారి మెచ్చుకుంటాడని."

"ఊఁ."

"తెల్లారేసరికి వాన. ఆ మలుపులో కాలు కొంచెం ఆనించి ఉంటాడు, అంతే. నా మ్యాపు ఒక్కసారిగా తన్నుంటుంది. చక్రాలు జారి ఉంటాయి. అదే ఇప్పుడు లోపలుంది. మేస్త్రీ తీశాడంటే నా రాతే బయటపడుతుంది. మా అన్నని నేనే..."

"ఆ మాట అనకు."

"అనుకోని రోజు లేదు. ప్రతి ఆదివారం వస్తాను, నీ కుళాయి బిగిస్తాను, పాపకి లెక్కలు చెబుతాను. ఇంటికి పోయి పడుకుంటే ఆ ఈలే. చెవులు మూసుకున్నా ఆ ఈలే."

"మొన్న గురువారం డైనోకి వెళ్ళొచ్చాను."

"ఏంటి?"

"మేస్త్రీ తీసి చదివాడు. బుధవారం రమ్మన్నది కొత్తది రాయడానికి. లోపలున్నది నీది కాదు చిన్నా. కారుతో వచ్చిన కంపెనీ మ్యాపు."

"కాదు. నేనే ఎక్కించా. ఈ చేతుల్తో."

"ఎక్కించావు. ఆ పొద్దున మీ అన్న స్టార్ట్ చేసి, చప్పుడు విని ఆపేసి, లోపలికొచ్చి తన లాప్‌టాప్ పట్టుకెళ్ళాడు. పావుగంట ఆ సీట్లోనే కూర్చున్నాడు. ఏమైందని అడిగితే, ‘మావాడు దీనికి రెక్కలు కట్టాడే. వానలో రెక్కలెందుకు, విప్పేశా. సాయంత్రం వాడి చెవి మెలిపెడతా’ అన్నాడు."

"కోప్పడ్డాడా?"

"నవ్వాడు. బాగానే రాశాడే వెధవ అని కూడా అన్నాడు."

"బాగానే రాశాడన్నాడా?"

"అన్నాడు."

"అయితే... నీకు ముందే తెలుసు. డైనో కంటే ముందే."

"ఆ పొద్దుటి నుంచీ తెలుసు."

"నేను మింగలేక కక్కలేక ఏడాది తిరుగుతుంటే..."

"చూస్తూనే ఉన్నా."

"ఒక్క మాట వదినా. ఒక్క మాట చెబితే పోయేది. నామీద అంత పగేంటి?"

"పగ కాదు. నీ మ్యాపు కాదని తెలిస్తే, మరి చక్రాలెందుకు జారాయని అడుగుతావు కదా."

"ఎందుకు జారాయి?"

"టైర్లు అరిగిపోయాయి, వానలు పడకముందే మార్చేద్దామే అన్నాడు మీ అన్న. వచ్చే నెల చూద్దాంలే అన్నది నేను."