అతుకు వేసిన సీటు

ఏమే, ఇందాకటి నుంచి చూస్తున్నాను, ఆ సైకిలు సీటుతో ఏమిటా కుస్తీ? ఎత్తావు, దించావు, ముక్కు వంచావు, మళ్ళీ ఎత్తావు. పైగా మెత్తటి తొడుగొకటా? బాగుంది, ఇక దాని మీదే పక్కేసుకో. నవ్వకు. సీటుతో తగువు మన ఇంటి రక్తంలోనే ఉంది. మా మేనత్త ఉండేది, మా నాన్న చెల్లెలు. నువ్వు కాదు, మీ అమ్మ కూడా చూడలేదు ఆవిణ్ణి. అందరూ సూదమ్మ అనేవాళ్ళు. ఇంటింటికీ తిరిగి పిల్లలకి టీకాలు వేసే ఉద్యోగం కదా, వీధి మొదట్లో ఆవిడ గంట కొడితే చివరింటి పిల్లలు మంచాల కిందికి దూరేవాళ్ళు. మనిషి పొట్టి. ఎంత పొట్టంటే, ఏదీ, లేచి నిలబడు... ఆ, నీ భుజం దాకా. మా నాన్నేమో నిచ్చెన. ఇంట్లో ఉన్నది ఒక్కటే సైకిలు, మా నాన్నది. పొద్దున ఆవిడ తొక్కాలి, మధ్యాహ్నం ఆయన మిల్లుకి తొక్కాలి. అర్థమైందా తంటా? పొద్దున్నే ఈవిడ పానా పట్టుకుని సీటు కిందికంటా దించుకుని పోయేది. వచ్చాక ఎత్తాలని గుర్తుండేది కాదు. గుర్తుండేది కాదో, ఎత్తబుద్ధయ్యేది కాదో! మా నాన్న హడావిడిగా ఎక్కేవాడు, మోకాళ్ళు గడ్డానికి కొట్టుకునేవి. "ఇది సైకిలా, ఉయ్యాలా? నీ ఉద్యోగం తగలెయ్య!" అని వీధిలోంచి కేక. "నీ కాళ్ళు పొడుగైతే నేనేం చెయ్యనన్నయ్యా, మడత పెట్టుకో" అని లోపల్నుంచి ఈవిడ.

ఆ కిటికీ వెయ్యవే, ఒకటే కొట్టుకుంటోంది. ఏం చెబుతున్నాను... ఆ. అసలు కోపం సీటు మీద కాదే. మీ చెల్లెలు వీధులు పట్టుకు తిరుగుతోందేమిటని మిల్లులో ఎవడో అన్నాడట. ఆ మాట మింగలేడు, కక్కలేడు. ఈవిడదేమో ఇంకా ఖాయమైన ఉద్యోగం కాదు. పై అధికారిణి ఒకావిడ, కళ్ళద్దాలావిడ, కబురు పెట్టింది: "సోమవారం నేనూ నా సైకిలు మీద వస్తాను, వార్డంతా తిరిగి చూపించు. తిరిగితే ఖాయం చేస్తాను, లేదంటే వేరే మనిషిని వేసుకుంటాను." ఇక చూడు, కాలుకాలిన పిల్లే ఈవిడ! ఆదివారం పొద్దున మా నాన్న సైకిలు తీసుకుపోయి, సీటు పైపుని ఫ్రేముకి వెల్డింగ్ పెట్టించుకొచ్చాడు. తన ఎత్తుకి! "ఇక ఎవరూ దించనక్కర్లేదు, ఎవరూ ఎత్తనక్కర్లేదు" అని చేతులు దులుపుకుని, అన్నం తిని, గుర్రుపెట్టి పడుకున్నాడు.

ఈవిడ అరవలేదు. అందుకే భయమేసింది మాకు. సైకిలు చుట్టూ తిరిగింది. ఎక్కింది, కాళ్ళు గాల్లో. దిగింది. మళ్ళీ తిరిగింది. "వదినా, కూరలు తరిగే చెక్క ఇలా ఇయ్యి" అంది. మా అమ్మ ఎందుకని అడగలేదు. అడిగితే మొగుడికి చెప్పాల్సొస్తుందిగా! చెక్కతో పాటు రంపం కూడా తెచ్చిచ్చింది. సీటు కిందికి రానంటే పెడళ్ళే పైకి రావాలి, అంతే. ఒక్కో పెడలుకీ పైనో ముక్క, కిందో ముక్క పెట్టి, బోల్టులు దూర్చి, నట్లు బిగించి, ఎవరూ విప్పకుండా బోల్టుల చివర్లు సుత్తితో మొద్దు చేసింది. ఆ చప్పుడుకి మా నాన్న "ఏమిటే అదీ?" అని లోపల్నుంచి మూలిగితే, "అల్లం దంచుతున్నానండీ" అంది మా అమ్మ. సీటుని పైపు కొనకి పట్టి ఉంచే ఇనప పట్టీ ఉంటుంది చూడు, వెల్డింగువాడు దాని జోలికి పోలేదు. దాన్ని వెనక నుంచి ముందుకి తిప్పి బిగిస్తే సీటు నాలుగు వేళ్ళు ముందుకి జరిగింది. ముక్కు గుచ్చుకోకుండా పాత దుప్పటి మడిచి కట్టింది.

సోమవారం మెట్టు మీంచి ఎక్కి వెళ్ళింది. ఆగితే కాలు నేలకందదు, ప్రతి ఇంటి ముందూ గోడ చూసుకుని ఆగాలి. గోడ లేనిచోట ఆ కళ్ళద్దాలావిడ భుజమే పట్టుకుందట! "ఏమ్మా, నేను గోడలా కనబడుతున్నానా?" "గోడ ఇంత మెత్తగా ఉంటుందేమిటండీ." ఆవిడ పక్కున నవ్వేసిందట. వార్డు అయిపోయింది, ఉద్యోగం ఖాయమైంది. ఇంటికొచ్చి సైకిలు గోడకి ఆనించింది. మా నాన్న మిల్లుకని ఎక్కాడు, పెడలు ఒక్క తిప్పు తిప్పాడు, మోకాలు ఠంగున హ్యాండిలుకి! పానా తెచ్చాడు. నట్లు కదిలితేనా? "విప్పు" అన్నాడు. "నువ్వు నీది విప్పు, నేను నాది విప్పుతాను" అంది ఈవిడ. నడిచే పోయాడు మిల్లుకి. ఆ తర్వాతా నడిచే పోయాడు, తన వెల్డింగు మాత్రం విప్పించలేదు. ఇద్దరికీ మాటల్లేవు. "మీ నాన్నతో చెప్పు, నీళ్ళు కాగాయని." "మీ అత్తతో చెప్పు, నాకు చెవులున్నాయని." మధ్యలో నేను.

చివరికి ఆవిడ వేరే ఊరికి బదిలీ అడిగి వేయించుకుంది, అక్కడ ఆఫీసువాళ్ళే ఆడసైకిలు ఇస్తారట. పెట్టె సర్దుకుని, బస్సుకి వెళ్ళేముందు సుత్తీ ఉలీ పట్టుకుని వాకిట్లో కూర్చుంది. తన బోల్టులు తనే నరికి, చెక్కలు ఊడదీసి, వెనక్కి చూడకుండా పోయింది. మళ్ళీ ఈ గడప తొక్కలేదు. ఆ సాయంత్రమే మా నాన్న పోయి వెల్డింగు కోయించుకొచ్చాడు. సీటు పైకీ కిందికీ హాయిగా కదులుతోంది. కదిపే మనిషి పోయింది. ఆయన దాన్ని ఆవిడ ఎత్తుకి కిందికంటా దించి, నట్టు బిగించి, మర్నాటి నుంచీ ఎక్కకుండా తోసుకుంటూ, దాని పక్కనే నడిచి పోయేవాడు మిల్లుకి...

గేటు చప్పుడైంది. ఎవరో చూసిరా, పో.