తోకలున్న టమాటా

ఏంటే, ఆ టమాటా సాస్ డబ్బా అలా తిప్పి తిప్పి చూస్తున్నావు? ఏం రాసుంది? ఆఁ? జన్యువులు మార్చిన పంట కాదు అని రాసుందా! ఓర్నాయనో. ఇది మా అక్క చూసుంటే కొట్టు ముందు చిందులేసేది. కూర్చో, కూర్చో, ఆ డబ్బా అక్కడ పెట్టు. మా అక్క అంటే మీ పెద్దమ్మమ్మ. నువ్వు పుట్టకముందే పోయిందిలే. ఫోటోల్లో చూసుంటావు, అన్నిట్లో నోరు తెరుచుకునే ఉంటుంది. ఫోటో తీసేవాడు "అమ్మా, ఒక్క క్షణం" అంటే, "క్షణంలో ఎన్ని మాటలు పోతాయో తెలుసా" అనేది. మార్కెట్ వీధి మలుపులో మా కూరగాయల కొట్టు. నేను తక్కెడ చూసుకునేదాన్ని, తను నోరు చూసుకునేది. యాభైకి దగ్గర పడింది, పెళ్ళి లేదు. ఎందుకు చేసుకోలేదే అంటే, "నేను మాట్లాడుతుంటే మధ్యలో లేచిపోనివాడు దొరకలేదే" అనేది. నిజమే, మా నాన్న కూడా లేచిపోయేవాడు.

సరే, ఎక్కడున్నాం? ఆఁ, టమాటా. ఊరి చివర విత్తనాల పరిశోధన కేంద్రం ఉండేది. అక్కడేదో కొత్త టమాటా తయారుచేశారనీ, పురుగు తింటే పురుగే చస్తుందనీ, పక్కనే చేలో వేసి చూస్తారనీ తెలిసింది. ఇంకేముంది, ఊరు రెండు ముక్కలు. మంగలి దుకాణంలో సగం గడ్డం గీయించుకున్నవాడు వాదన మధ్యలో లేచి వెళ్ళిపోయాడంటే నమ్ము! మా అక్క అయితే నిద్రపోలేదు. దర్జీ దగ్గరికి పోయి "నన్ను టమాటా చెయ్యి" అంది. ఆయన భయపడ్డాడు పాపం. ఎర్ర తెర గుడ్డ, లోపల వెదురు బద్దలు, పాత దిండ్లలో దూది, నెత్తిన ఆకుపచ్చ టోపీ. వెనకాలేమో వెండి కాగితంతో ఇంత చేప తోక. టమాటాలో చేప జన్యువు పెట్టారని ఎవరో చెప్పార్లే. అందరం నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని బయల్దేరాం, తను ముందు దొర్లుకుంటూ. ఆ కేంద్రం గేటు దాకా వెళ్ళామో లేదో, వాన! అట్టలవాళ్ళందరూ తలో దిక్కూ పరుగు. తను మాత్రం "లోపలికి పోయి అడుగుతా" అని గేటులో ఉన్న చిన్న తలుపులో దూరింది. దూరి, ఇరుక్కుపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ రాదు. దూది తడిసి ఉబ్బుతోంది. నేను బయటినుంచి తోస్తున్నా, నవ్వాగక చేతుల్లో బలం లేదు!

అప్పుడు లోపలినుంచి గొడుగేసుకుని ఒక పొడుగాటాయన వచ్చాడు. అదే, మా బావగారు. అప్పటికింకా బావగారు కాదనుకో. ఆ టమాటా చేసిందే ఆయన. గొడుగు పక్కన పెట్టి, మర్యాదగా, "కాస్త ఊపిరి బిగబట్టండమ్మా, లాగుతాను" అన్నాడు. "నేను టమాటానండీ, బిగబట్టను, చితుకుతాను" అంది ఇది. లాగుతూనే అడిగాడు, "తోకెందుకండీ?" "మీరేగా చేపని పెట్టారు!" "చేప కాదండీ. మట్టిలో ఉండే సూక్ష్మజీవి జన్యువు." "అయితే దాని తోక ఎలా ఉంటుందో చెప్పండి, రేపు అదే కుట్టించుకొస్తా." వేరేవాడైతే తోకా లేదు గీకా లేదు అని పంపేసేవాడు. ఈయన ఆలోచించి, వానలో నిలబడి, "ఉంటాయండీ, సన్నటివి, ఒళ్ళంతా. కంటికి కనపడవు" అన్నాడు. ఇంకేం! మర్నాడు ఒళ్ళంతా దారప్పోగులు వేలాడేసుకుని వెళ్ళింది, తల దువ్వని టమాటాలాగా. ఆయన కిటికీలోంచి చూసి, బయటికొచ్చి, "ఇప్పుడు సరిగ్గా ఉందండీ" అన్నాడు. ఇది ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూచుంది. "ఏమైందే?" అంటే, "విరోధి అలా ఉండకూడదే" అంది.

ఆ తర్వాత రోజూ కొట్టుకొచ్చేవాడు. అరకిలో ఉల్లిపాయలు కొనడం, గంటసేపు వాదించడం. "విత్తనం ఎవడి చేతిలో ఉంటుందండీ? ఏటేటా వాడి గుమ్మంలో నిలబడాలా రైతు?" అని ఇది. "అది నాకూ నచ్చదండీ. మరి మందు కొట్టేవాడి సంగతో?" అని ఆయన. వాళ్ళ నాన్న చేలో పురుగుమందు కొట్టి కొట్టి ఊపిరితిత్తులు చెడి చనిపోయాడటే. మందు అక్కర్లేని మొక్క ఒక్కటి చేద్దామని చదువుకున్నాడట. అది విన్న రోజు మా అక్క బేరం ఆడకుండా అడిగిన ధరకే కూరగాయలు ఇచ్చేసింది. కొనేవాళ్ళొచ్చి "ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. మర్నాడు మళ్ళీ మామూలే, "పాపం పాపమే, పుప్పొడి పుప్పొడే! గాలికి మీ పుప్పొడి పక్క చేలో పడితే?" అని మొదలెట్టింది. ఇక ఆయనింట్లో ఉల్లిపాయలు గుట్టలై మొలకలొచ్చాయి.

చివరికి టౌన్ హాల్లో మీటింగు పెట్టారు, చేతులెత్తి తేల్చేద్దామని. ఎవరో లేచి "ముప్పై ఏళ్ళ తర్వాత ఏమీ కాదని మాటిస్తారా?" అని ఆయన్ని అడిగారు. ఆయన మైకు పట్టుకుని, "ఇప్పటిదాకా చూసినంతలో భయం కనపడలేదు. ముప్పై ఏళ్ళది నాకు తెలీదండీ" అన్నాడు. హాలంతా గోల! మా అక్క గబగబా లేచి, "ఏమయ్యా, అలా నిజం చెప్పేస్తే నేనేం మాట్లాడాలి!" అని అరిచింది. చేతులెత్తారు. మా వైపే గెలిచింది. టమాటా పీకెయ్యాలి, ఆయనకి బదిలీ. అందరూ దీన్ని భుజాలమీద ఎత్తుకోబోతే, ఇది చెప్పులు వేసుకుని చేలోకి నడిచింది. వెనకాలే నేను. ఆయనొక్కడే మోకాళ్ళమీద కూర్చుని మొక్కలు పీకుతున్నాడు. ఎన్నేళ్ళ కష్టమో! ఇదీ పక్కన కూర్చుని పీకడం మొదలెట్టింది. ఆయన పీకుతూనే ఉన్నాడు, ఇదే వెక్కి వెక్కి ఏడ్చింది. "గెలిచారుగా, ఏడుపెందుకండీ?" అన్నాడు. "మీరెళ్ళిపోతే ఎవరితో వాదించను? నేను చెప్పాల్సినవి ఇంకా సగం కూడా అవలేదు" అంది. ఆయన మట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకుని, "అయితే మిగతావి విన్నాకే వెళ్తాను" అన్నాడు. వెళ్ళనేలేదు. బదిలీ కాగితం వెనక్కిచ్చి, హైస్కూల్లో సైన్సు మాస్టారై కూర్చున్నాడు.

పెళ్ళికి రెండు పక్షాలూ అలిగాయి. ఇటువాళ్ళు దీన్ని అమ్ముడుపోయావన్నారు, అటువాళ్ళు ఆయన్ని బుద్ధి పోయిందన్నారు. భోజనాల దగ్గర వీళ్ళిద్దరూ పుప్పొడి గురించి ఎంత గట్టిగా అరుచుకున్నారంటే, వంటవాళ్ళు పెళ్ళి ఆగిపోయిందేమోనని గిన్నెలు సర్దేశారు! ఒక్కనాడూ ఒప్పుకోలేదే ఒకరిదొకరు. పదహారేళ్ళు కాపురం చేశారు.

ముందు ఆయన పోయాడు. తర్వాత నేను దాని దగ్గరే పడుకునేదాన్ని. ఓ పొద్దున వంటింట్లో మాటలు వినపడ్డాయి. చూస్తే ఒక్కతే ఉంది, కూరగాయలు తరుగుతోంది. "విత్తనం ఎవడి చేతిలో ఉంటుందండీ?" అంటుంది. కాసేపాగి, గొంతు లావుగా పెట్టి, ఆయనలాగే నిదానంగా, "మరి మందు కొట్టేవాడి సంగతో?" అంటుంది. నాకు నవ్వొచ్చింది. తలుపు దగ్గరే నిలబడి వింటున్నా. దీనికి జవాబు చెప్పకుండా వదలదు కదా అనుకున్నా. కత్తి ఆగింది. "సరేలెండి," అంది. "ఇవాళ్టికి మీదే పైచేయి..."

...

ఏయ్, పాలు! పొయ్యి మీద పాలు పొంగుతున్నాయే, లే, లే!