పక్క సీటు వెచ్చదనం

మిన్నెసోటా ఉత్తరాన ఒక ఇనుప గనుల ఊరు. జనవరి మధ్యాహ్నం. రూడీ జుపాన్ రిపేరు షెడ్డులో ఒక పికప్ ట్రక్కు. చేతిలో బండి లోపాలు చదివే స్కానరుతో రూడీ. కోటు విప్పకుండా నిలబడ్డ బండి యజమానురాలు, ఐలీ లెహ్తొనెన్.

“ఎలకే అయ్యుంటుంది రూడీ. వైరు కొరికేసి ఉంటుంది. చలికి అవి ఎక్కడ పడితే అక్కడ దూరతాయి.”

“ఎలక కొరికితే తెగినట్టు చూపిస్తుంది ఐలీ గారూ. ఇక్కడ ఏదీ తెగలేదు. మీరా స్టూలు మీద కూర్చోండి, హీటరు పక్కన.”

“నిలబడతాన్లే. ఏమంటోంది నీ యంత్రం?”

“మొదట్లో అయితే కొంప మునిగినట్టే చెప్పింది. తలుపు పలకట్లేదు, వైపర్ పలకట్లేదు, హారన్ పలకట్లేదు... స్క్రీను నిండా ఏడుపులే.”

“అయ్యో. అన్నీ పోయాయా?”

“ఏవీ పోలేదు. బ్యాటరీ చచ్చేటప్పుడు అన్నీ అలాగే ఏడుస్తాయి. ఆ ఏడుపులు నమ్మి పార్టులు మారుస్తూ పోతే మీ ఇల్లు అమ్ముకోవాలి. అందుకని నా బ్యాటరీ తగిలించి, అవన్నీ తుడిచేసి, మళ్ళీ అడిగాను. ఒక్కటీ తిరిగి రాలేదు.”

“అంటే బాగానే ఉందన్నమాట. కొత్త బ్యాటరీ వేసెయ్. పెద్దది వెయ్. తీసుకుపోతాను.”

“ఆగండాగండి. అది ఎందుకు చచ్చిందో తెలియాలా వద్దా?”

“ముసలిదై చచ్చింది. అందరం అంతేగా.”

“ముసలిదెక్కడ? నిరుడు మీ ఆయన ఆర్వో గారు ఉండగా నేనే వేశాను.”

“నేను స్కూలు బస్సు తోలే రోజుల్లో కూడా ఇంతే నువ్వు. ‘బస్సు ఎందుకాగింది, ఎందుకాగింది’ అని నా ప్రాణం తీసేవాడివి.”

“అయినా నన్ను ముందు సీట్లోనే కూర్చోబెట్టుకునేవారు.”

“వెనక కూర్చుంటే సీట్ల స్క్రూలు ఊడదీసేవాడివి. అందుకు.”

“సరే, ఒకటి చెప్పండి. ఈ బండి మీరు నడుపుతున్నారా?”

“నాకు నా చిన్న కారుంది. ఇదెందుకు?”

“పోనీ, ఊరికే ఎక్కి కూర్చుంటున్నారా? రేడియో పెట్టుకుని?”

“ఆయన పోయాక ఇందులో ఎక్కలేదు.”

“ఒక్కసారి కూడా?”

“ఎక్కలేదన్నానుగా. ఆయన వాసన ఉంటుంది దీన్లో. అడక్కు.”

“అయితే ఎవరో ఎక్కుతున్నారు ఐలీ గారూ.”

“ఎవరెక్కుతారు? ఎలకలు...”

“సీటు వెచ్చబెట్టుకునే ఎలకల్ని నేనింతవరకూ చూళ్ళేదు.”

“ఏంటి?”

“ఇలా చూడండి. డాష్‌బోర్డు కింద ఒక పెట్టె ఉంటుంది. బాడీ మాడ్యూల్ అంటాం. ఇంజిను దాని పని కాదు. తలుపులు, లైట్లు, తాళాలు, సీట్లు... ఇంటి పనులన్నీ దానివి. బండి ఆపి వెళ్ళిపోయాక అది కూడా పడుకోవాలి. మీ బండిలో దాన్ని పడుకోనివ్వట్లేదు.”

“పడుకోకపోతే?”

“బ్యాటరీ తాగేస్తుంది. మరీ పడిపోతోందని తెలిసినప్పుడు, అప్పటికి ఏమేం వేసి ఉన్నాయో ఒక ఫోటోలా తీసి దాచుకుంటుంది. ఇదిగో ఆ ఫోటో. ఇంజిను లేదు. కరెంటు ఉంది. తలుపులు వేసి ఉన్నాయి. సీటు హీటరు నడుస్తోంది. పైన చిన్న లైటు.”

“స్విచ్చి ఏదో అంటుకుపోయి ఉంటుంది.”

“నేనూ అదే అనుకుని స్విచ్చి నొక్కి చూశాను. నొక్కితే అవునంటోంది, వదిలితే కాదంటోంది. సుబ్బరంగా ఉంది. పైగా హీటరు నడిచింది ఏ సీటుదో తెలుసా? పక్క సీటుది. మనిషి కూర్చుంటే తెలుసుకునే మీట ఒకటుంటుంది సీటు కింద. పక్క సీట్లో మనిషి. తోలే సీటు ఖాళీ.”

“తోలే సీటు ఖాళీయా?”

“ఖాళీ. దొంగైతే తోలే సీట్లో కూర్చుంటాడు కదా. ఎవడో చలికి దూరి కూర్చుంటున్నాడేమో. మీరేమో ఆ మూల ఒంటరిగా ఉంటారు. షెరిఫ్ ఆఫీసుకి ఒక ఫోన్...”

“వద్దు.”

“ఊరికే ఒకసారి వచ్చి చూసి...”

“వద్దన్నానా. షెరిఫ్ ఎందుకు మధ్యలో? బ్యాటరీ వెయ్ నువ్వు.”

“తలుపైతే పగలగొట్టలేదు. తాళంతోనే తీశారు. అసలీ బండి ఎన్ని తాళం చెవుల్ని గుర్తుపడుతోందో అడుగుదాం. ఉండండి...”

“రూడీ?”

“ఊఁ.”

“ఏమైంది?”

“ఏంలేదు. బ్యాటరీ వేసేస్తాను. మీరన్నట్టు పెద్దదే వేస్తాను.”

“ఇప్పటిదాకా గంటలు కొట్టినట్టు మాట్లాడావు. నోరు పడిపోయిందేం? ఎన్ని తాళాలు?”

“మూడు.”

“నా దగ్గర రెండే ఉన్నాయి. ఆయనది, నాది.”

“ఊఁ.”

“ఊఁ ఏంటి? మూడోది ఎవరిది?”

“కొత్త బండి అమ్మేటప్పుడు షోరూం వాళ్ళు ఒక్కోసారి...”

“అబద్ధం ఆడితే నీ చెవులు ఎర్రబడతాయి. చిన్నప్పుడూ అంతే. ఎవరిది?”

“ఆర్వో గారు చేయించారు. నా చేతే. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఎవరికీ అంటే మీకేనని అప్పుడే అర్థమైంది నాకు.”

“ఆయన ఇప్పుడు వచ్చి నిన్నేం అనడులే. ఎవరికిచ్చాడు?”

“ఐలీ గారూ...”

“చెప్పు.”

“హెల్మీ గారికి. మీ చెల్లెలికి.”

“నా చెల్లెలెవరో నాకు తెలుసు.”

“కూర్చోండి కాస్త.”

“కూర్చోను. తాళం ఇవ్వడమేంటి దానికి? ఎందుకిచ్చాడు?”

“సాయంత్రాలు ఆవిడ తన ఇంటి నుంచి రోడ్డు దాటి మీ బండి దగ్గరికి వచ్చేవారు. ఆర్వో గారు కాఫీ పట్టుకుని బయటికొచ్చేదాకా చలిలో నిలబడాలి. ఆవిడకి కాళ్ళు నొప్పులు కదా. ముందే ఎక్కి సీటు వెచ్చబెట్టుకోమని తాళం ఇచ్చారు. అంతే. ఇంకేం లేదందులో.”

“ఇంకేదో ఉందని నేనన్నానా?”

“లేదు, లేదు.”

“హాకీ వింటానని వెళ్ళేవాడు రూడీ. బండిలో రేడియో బాగా పలుకుతుందనేవాడు.”

“హాకీ కూడా విన్నారేమో. ఇద్దరూ.”

“దానికి హాకీ అంటే అసహ్యం.”

“అయితే వినలేదేమో.”

“ఫ్లాస్కు నిండా కాఫీ తీసుకెళ్ళేవాడు. ఏలకుల రొట్టె పెద్ద పెద్ద ముక్కలు కోసుకునేవాడు. ‘భోజనం ముందు ఇంత మేత మేస్తే షుగరొచ్చి పోతావు’ అని తిట్టేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.”

“సగం ఆవిడకి.”

“తెలిసిందిలే. విప్పి చెప్పక్కర్లేదు... బాగుందనేదా?”

“ఏది?”

“రొట్టె. అది నేను చేసిందేగా. బాగుందనేదా లేదా?”

“నాకేం తెలుసండీ. నేను బండిలో లేనుగా. ఆర్వో గారు మాత్రం ఒకసారి అన్నారు. ‘లోపలొక మొండిది, బయటొక మొండిది, మధ్యలో నా మోకాళ్ళు గడ్డకడుతున్నాయి రూడీ’ అని.”

“మోకాళ్ళ గురించే ఏడ్చాడా? ఆయన మోకాళ్ళకేం, గుండె పోయింది గానీ. నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా.”

“చెబితే తాళం లాక్కునేవారు కాదూ?”

“...లాక్కునేదాన్నే.”

“ఆవిడ మీ గడపైతే తొక్కలేదు ఐలీ గారూ. మీరు తొక్కొద్దన్నారు, తొక్కలేదు. బండి గడప కాదు కదా.”

“నేనన్న మాట బాగానే గుర్తుంది నీకు. అదన్న మాట గుర్తుందా? అమ్మని పూడ్చిన రోజు, చర్చి కింద హాల్లో?”

“నేను కాఫీ పోస్తున్నానప్పుడు. విన్నాను.”

“‘ఆ వృద్ధాశ్రమంలో పడేసి నువ్వే చంపావు’ అంది. ఊరందరి ముందూ. అమ్మ చెప్పుల్లేకుండా మంచులోకి నడిచిపోయేది రూడీ. ఒకసారి మంచు తవ్వే లారీవాడు చూశాడు కాబట్టి సరిపోయింది. పొద్దున లేస్తే నేను మీ అందర్నీ బస్సులో ఎక్కించుకోవాలి. ఎంతకని కాపలా కాస్తాను? అది అప్పట్లో డులూత్ నగరంలో కూర్చుని ఎప్పుడో ఒక ఆదివారం వచ్చేది. పువ్వులు పట్టుకుని.”

“ఆవిడకీ తెలిసే ఉంటుంది. తర్వాతైనా.”

“తెలిస్తే చెప్పాలి. నోరుంది కదా.”

“మీరు అడిగారా?”

“నేనెందుకడుగుతాను? అన్నది అది.”

“ఆర్వో గారి అంత్యక్రియలకి వచ్చారుగా ఆవిడ?”

“చివరి బల్ల మీద కూర్చుంది. నేను లేచి వెనక్కి తిరిగేలోపు వెళ్ళిపోయింది. మంచి కోటు కూడా లేదు దానికి. భుజం దగ్గర చిరిగిందది.”

“చూశారన్నమాట.”

“కళ్ళున్నాయి కాబట్టి కనపడింది.”

“ఇప్పుడాయన లేకపోయినా వస్తున్నారు. ఒక్కరే.”

“పక్క సీట్లో.”

“పక్క సీట్లోనే. ఆయన సీటు ముట్టుకోవట్లేదు.”

“ఇంజిను వేసుకోవచ్చుగా? గడ్డకట్టి చస్తుంది.”

“వేస్తే చప్పుడు మీకు వినపడుతుంది కదా. బ్రేకు తొక్కకుండా బటను నొక్కితే ఇంజిను లేవదు, కరెంటొకటే వస్తుంది. చెయ్యి చాపి నొక్కుతున్నట్టున్నారు. అందుకే బ్యాటరీ అలా పీల్చుకుపోయింది. బండిలో ఏ రోగమూ లేదు.”

“ఏ రోగమూ లేదు.”

“లేదు. ఇప్పుడేం చెయ్యమంటారో మీరు చెప్పండి. ఆ మూడో తాళాన్ని తీసెయ్యొచ్చు. స్కానర్లో ఇక్కడ నొక్కితే చాలు, ఇక ఈ బండి దాన్ని గుర్తుపట్టదు. తలుపు తియ్యదు, సీటు వెచ్చబెట్టదు. ఆవిడతో మీరు ఒక్క మాట కూడా మాట్లాడక్కర్లేదు.”

“ముట్టుకోకు.”

“మీ బండి కాబట్టి అడిగాను...”

“ఆ వేలు తియ్ అక్కణ్ణించి.”

“తీశాను, తీశాను. పోనీ, బండి అమ్మేస్తారా? మా బావమరిది ఇలాంటిదాని కోసమే వెతుకుతున్నాడు. దీన్ని చూస్తుంటే మీకూ బాధే కదా.”

“అమ్మను.”

“అయితే నన్ను వెళ్ళి ఆవిడతో మాట్లాడమంటారా? ఐలీ గారికి తెలిసిందండీ, లోపలికి రమ్మంటున్నారండీ అని...”

“నువ్వేం మాట్లాడకు! తెలిసిందని తెలిస్తే మళ్ళీ అటువైపు చూడదది. నాకు తెలియదా దాని సంగతి? ఒకే మంచం మీద పడుకుని పెరిగాం.”

“సరే. మాట్లాడను. మరి ఎంత పెద్ద బ్యాటరీ వేసినా ఇలాగే చస్తుంది. ఒక పని చేద్దాం. చిన్న ఛార్జరు ఇస్తాను. మీ వరండా ప్లగ్గు నుంచి బండిదాకా తీగ లాగితే సరి, బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉంటుంది.”

“తీగ వద్దు.”

“ఎందుకు?”

“కనపడుతుంది.”

“ఎవరికి?”

“ఇంతకీ బ్యాటరీ ఎప్పటికి వేస్తావు?”

“మీరడిగిన పెద్దది డులూత్ నుంచి రావాలి. సోమవారం.”

“సోమవారం కుదరదు. నువ్వు తగిలించావే, నీది. అదే ఉంచెయ్.”

“అది షెడ్డులో పరీక్షలకి వాడుకునేది.”

“సోమవారం దాకా నాకు అరువివ్వు. చీకటి పడకముందు బండి మా వాకిట్లో ఉండాలి. ఎప్పుడూ ఉండే చోటే, మూతి రోడ్డు వైపు పెట్టి.”

“మీకేమైనా పిచ్చా? మీరు నడపరు. అమ్మరు. తాళం తియ్యనివ్వరు, తీగ లాగనివ్వరు, నన్ను నోరెత్తనివ్వరు. ఇవాళే ఆ బండి అక్కడ ఎందుకుండాలి?”

“ఎందుకంటే...”

“ఊఁ?”

“బ్యాటరీ చచ్చిన దగ్గర్నించీ అది రావట్లేదు రూడీ. ఆయన పోయాక రోజూ చీకటి పడగానే వంటింట్లో లైటు ఆర్పేసి, దానికి కనపడకుండా కిటికీ పక్కన నిలబడి దాన్నే చూసేదాన్ని. ఇప్పుడలా నిలబడితే, అక్కడ నాకెవరూ లేరు.”