ఒంటి సీటు బగ్గీ

షెడ్డులో, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న, ఇసుకలో నడిపే మోటారు బగ్గీ ఇనుప గొట్టాల మధ్య, ఉన్న ఒక్క సీటులో భర్త కూర్చున్నాడు. భార్య పక్కన నిలబడింది.

"ఎక్కడానికే ఇంత అవస్థ! కొనేటప్పుడు ఓసారి ఎక్కి చూసుకోవద్దూ?"

"అమ్మినతను ఎక్కమన్నాడు. నేనే అక్కర్లేదన్నాను."

"ఎందుకండీ?"

"కాలు లేవకపోతే పరాయివాడి ముందు నవ్వులపాలవుతానని."

"కాళ్లు రోజురోజుకీ పడిపోతాయని డాక్టరు చెప్పాక కూడా ఇదెందుకు?"

"చెప్పాడనేగా కొన్నాను! ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు నడుపుతాను?"

"పట్టుకోడానికి పక్కన నేనైనా ఉండను కదండీ."

"ఒక్కసారి బయటున్న ఆ ఇసుకదిబ్బ ఎక్కి దిగొస్తానే. తర్వాత నీ ఇష్టం, అమ్మేద్దాం."

"సరే, స్టార్ట్ చెయ్యండి."

"చేస్తా. ముందు వంగి చూడు. బ్రేకు మీద నా కాలుందా?"

"మీకు తెలియట్లేదా?"

"చూసి చెప్పవే."

ఆమె వంగింది. కాలు బ్రేకుకి పక్కగా జారి పడి ఉంది. అతను తలుపు బయటి ఎండలోకే చూస్తున్నాడు. ఆమె ఆ కాలిని రెండు చేతులతో ఎత్తి, మెల్లగా బ్రేకు మీద పెట్టింది.

"ఉందండీ."

"మరి! ఊరికే కంగారుపడతావు."